వర్చువల్ మిషనులలో నెట్‌వర్కు ఇంటరప్టులు

వర్చువల్ మిషనులలో నెట్‌వర్కు ఇంటరప్టులు అనగా, సాఫ్టువేరు ద్వారా సృష్టించబడిన కల్పిత కంప్యూటరుకు, దానికి అమర్చిన కల్పిత నెట్‌వర్కు కార్డు నుండి అందే అంతరాయ సంకేతాలు. నెట్‌వర్కు నుండి ఒక ప్యాకెట్టు వచ్చినప్పుడు గాని, పంపవలసిన ప్యాకెట్టు వెళ్ళిపోయినప్పుడు గాని కార్డు ఈ సంకేతాన్ని ప్రాసెసరుకు పంపుతుంది. నిజమైన కంప్యూటరులో ఈ సంకేతం కార్డు నుండి ప్రాసెసరుకు నేరుగా చేరుతుంది. వర్చువల్ మిషనులో కార్డూ కల్పితమే, ప్రాసెసరూ కల్పితమే. కనుక ఈ సంకేతాన్ని హైపర్‌వైజరు అనే సాఫ్టువేరు తయారుచేసి అందించవలసి ఉంటుంది. ఈ పని ఎంత తక్కువ ఖర్చుతో జరుగుతుందనే దానిపై వర్చువల్ మిషను నెట్‌వర్కు వేగం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇంటరప్టుల అమరిక సరిగా లేకపోతే, అనేక ప్రాసెసర్లున్న సర్వరులో కూడా ఒక్క ప్రాసెసరు మాత్రమే పూర్తి భారం మోస్తూ మిగిలినవి ఖాళీగా ఉండిపోతాయి.

ఈ వ్యాసంలో ముఖ్యంగా ఎక్స్86 ప్రాసెసర్లపై లినక్సు, కేవీఎం, క్యూఎమ్యూ, వర్ట్‌ఐఓ కలయికను ఉదాహరణగా తీసుకొని వివరించడమైనది. అసలు కంప్యూటరులో నడిచే వ్యవస్థను ఆతిథేయ వ్యవస్థ అనీ, వర్చువల్ మిషనులో నడిచే వ్యవస్థను అతిథి వ్యవస్థ అనీ వ్యవహరిస్తారు.

ఇంటరప్టు అంటే ఏమిటి

ప్రాసెసరు ఒక పనిలో ఉండగా, బయటి పరికరం దాని దృష్టిని మరల్చడానికి పంపే సంకేతమే ఇంటరప్టు. తపాలా పెట్టెలో ఉత్తరం ఉన్నదేమోనని ఐదు నిమిషాలకొకసారి వెళ్ళి చూడడం ఒక పద్ధతి. ఉత్తరం వచ్చినప్పుడు తపాలావాడు గంట కొట్టడం మరొక పద్ధతి. మొదటి దానిని పోలింగు అంటారు, రెండవది ఇంటరప్టు. ఉత్తరాలు అరుదుగా వచ్చే ఇంటికి గంట మేలు. రోజుకు వేల ఉత్తరాలు వచ్చే కార్యాలయంలో ప్రతి ఉత్తరానికి గంట కొడితే ఏ పనీ సాగదు. నెట్‌వర్కు కార్డుల విషయంలో ఈ రెండు పరిస్థితులూ ఎదురవుతాయి.

ఇంటరప్టు రాగానే ప్రాసెసరు తాను చేస్తున్న పని వివరాలను భద్రపరచి, ఆ ఇంటరప్టుకు కేటాయించిన సంఖ్యను బట్టి తగిన ఉపక్రమాన్ని నడుపుతుంది. ఈ సంఖ్యను వెక్టారు అంటారు. ఎక్స్86 ప్రాసెసర్లలో 256 వెక్టార్లు ఉంటాయి. వీటిలో మొదటి 32 ప్రాసెసరు అంతర్గత దోషాలు మొదలైన వాటికి ప్రత్యేకింపబడినవి. మిగిలిన 224 వెక్టార్లను పరికరాలు, నిర్వాహక వ్యవస్థ పంచుకుంటాయి.

సంకేతం ప్రాసెసరుకు చేరే మార్గాలు

ఇంటరప్టు సంకేతం చేరే పద్ధతి కాలక్రమంలో మారుతూ వచ్చింది. వర్చువల్ మిషనులు ఈ పాత, కొత్త పద్ధతులన్నింటినీ అనుకరించవలసి ఉంటుంది. ఏ అతిథి వ్యవస్థ దేనిని వాడుకుంటుందో ముందుగా తెలియకపోవడమే ఇందుకు కారణం.

- పిక్: 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8259 రకపు ఇంటరప్టు కంట్రోలరు ఒకటి ఉండేది. దీనికి 8 తీగలు ఉంటాయి. 1984లో వచ్చిన పీసీ ఏటీలో రెండు కంట్రోలర్లను గొలుసుగా కలిపారు. ఒక తీగ ఆ రెండింటిని కలపడానికే పోవడం వలన పరికరాలకు 15 తీగలు మిగిలాయి.
- ఏపిక్: ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లున్న యంత్రాలకు పిక్ సరిపోదు. ఏపిక్ పద్ధతిలో ప్రతి ప్రాసెసరుకు ఒక స్థానిక ఏపిక్, పరికరాల వైపు ఒక ఐఓ ఏపిక్ ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న ఐఓ ఏపిక్‌కు 24 ప్రవేశ ద్వారాలు ఉంటాయి. ఏ ఇంటరప్టును ఏ ప్రాసెసరుకు పంపాలో ఇందులో నిర్ణయించవచ్చు.
- పీసీఐ తీగలు: పీసీఐ పరికరానికి ఏ, బీ, సీ, డీ అనే నాలుగు ఇంటరప్టు తీగలు ఉంటాయి. వీటిని సాధారణంగా ఐఎన్‌టీఎక్స్ అని పిలుస్తారు. ఒకే తీగను అనేక పరికరాలు పంచుకోవచ్చు. అయితే సంకేతం వచ్చినప్పుడు అది ఎవరిదో తెలుసుకోవడానికి నిర్వాహక వ్యవస్థ ప్రతి పరికరాన్ని అడగవలసి వస్తుంది.
- ఎంఎస్ఐ: ఇందులో ప్రత్యేకమైన తీగ ఉండదు. పరికరం ఒక నిర్ణీత చిరునామాకు ఒక నిర్ణీత విలువను వ్రాస్తుంది. ఆ వ్రాతే ఇంటరప్టుగా పరిగణింపబడుతుంది. పీసీఐ 2.2 ప్రమాణంలో ప్రవేశపెట్టబడిన ఈ పద్ధతిలో ఒక పరికరానికి 32 వరకు వెక్టార్లు ఇవ్వవచ్చు.
- ఎంఎస్ఐ-ఎక్స్: పీసీఐ 3.0 ప్రమాణంలో వచ్చిన ఈ పద్ధతిలో ఒక పరికరానికి 2048 వరకు వెక్టార్లు ఉండవచ్చు. ప్రతి వెక్టారుకు పట్టికలో 16 బైట్ల అరుస ఉంటుంది. అందులో చిరునామా, విలువ, ఆ వెక్టారును తాత్కాలికంగా మూసివేసే బిట్టు ఉంటాయి. ఒక్కొక్క వెక్టారును ఒక్కొక్క ప్రాసెసరుకు గురిపెట్టగలగడం దీని ముఖ్య ప్రయోజనం.

వర్చువల్ మిషనులో ఇంటరప్టు ఖర్చు

అతిథి వ్యవస్థ నడుస్తుండగా ఏదైనా కారణం చేత ప్రాసెసరు అధికారం తిరిగి హైపర్‌వైజరుకు చేరడాన్ని నిష్క్రమణ అంటారు. ఒక నిష్క్రమణకు, తిరిగి ప్రవేశానికి కలిపి వెయ్యి నుండి కొన్ని వేల క్లాకు చక్రాలు పట్టవచ్చు. ఈ లోపల ప్రాసెసరు క్యాషీలోని సమాచారం కూడా కొంత చెదిరిపోతుంది.

ప్రత్యేక హార్డువేరు సహాయం లేనప్పుడు ఒక్క ఇంటరప్టుకు ఒకటి కంటే ఎక్కువ నిష్క్రమణలు జరుగుతాయి. ముందుగా, అతిథి నడుస్తున్న ప్రాసెసరును ఆపి సంకేతాన్ని లోపలికి చొప్పించాలి. తరువాత అతిథి తన పని ముగించి, ఇంటరప్టు పూర్తయినదని కల్పిత ఏపిక్‌కు తెలిపినప్పుడు మరొక నిష్క్రమణ జరుగుతుంది. ఐఎన్‌టీఎక్స్ పద్ధతిలో, సంకేతం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి పరికరపు స్థితి రిజిస్టరును చదివినప్పుడు ఇంకొక నిష్క్రమణ తోడవుతుంది.

ఈ ఖర్చు ఎంత ప్రధానమైనదో ఒక లెక్కతో గ్రహించవచ్చు. సెకనుకు 10 గిగాబిట్ల ఈథర్‌నెట్‌లో 64 బైట్ల అతి చిన్న ఫ్రేములు తీగపై 84 బైట్ల స్థలాన్ని తీసుకుంటాయి. ఆ లెక్కన సెకనుకు సుమారు 1 కోటి 48 లక్షల 80 వేల ఫ్రేములు రాగలవు. అంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికే సమయం సుమారు 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరులో ఇది దాదాపు 200 క్లాకు చక్రాలు మాత్రమే. 1500 బైట్ల పెద్ద ప్యాకెట్లయినా సెకనుకు 8 లక్షలకు పైగా వస్తాయి. ప్రతి ప్యాకెట్టుకు ఒక ఇంటరప్టు, ప్రతి ఇంటరప్టుకు వేల చక్రాల నిష్క్రమణ అయితే ఈ వేగాన్ని అందుకోవడం అసాధ్యం.

చరిత్ర

వర్చువల్ మిషనుల ఆలోచన 1960వ దశకంలో ఐబీఎం సంస్థలో మొదలైనది. ఆ కృషి ఫలితంగా 1972లో వీఎం/370 వ్యవస్థ విడుదలైంది. వ్యక్తిగత కంప్యూటర్లలో ఈ పద్ధతి వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌తో 1999లో ప్రాచుర్యం పొందింది. అందులోని కల్పిత నెట్‌వర్కు కార్డు ఏఎండీ సంస్థ తయారుచేసిన ల్యాన్స్ కార్డును అనుకరించేది. 2001లో వీఎంవేర్ ఇంజనీర్లు ప్రచురించిన పరిశోధన పత్రంలో, ఈ కార్డు సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్కును పూర్తిగా వినియోగించుకోవాలంటే ప్రవేశ నిష్క్రమణలను తగ్గించడమే ముఖ్యమని వివరించారు. అనేక ప్యాకెట్లను కలిపి ఒకేసారి పంపడం వారు అనుసరించిన మార్గాలలో ఒకటి.

2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుండి వచ్చిన జెన్ హైపర్‌వైజరు మరొక దారి పట్టింది. నిజమైన కార్డును అనుకరించడానికి బదులు, తాను వర్చువల్ మిషనులో ఉన్నానని అతిథికి తెలిసేలా ప్రత్యేక డ్రైవర్లను అందులో ఉంచారు. ఇంటరప్టుల స్థానంలో ఈవెంట్ ఛానెళ్ళు అనే తేలికైన సంకేతాలను ప్రవేశపెట్టారు. ఈ పద్ధతిని పారావర్చువలైజేషను అంటారు.

ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో తమ ప్రాసెసర్లలో వర్చువల్ మిషనులకు హార్డువేరు సహాయాన్ని చేర్చాయి. దీనిని వాడుకుంటూ ఏవి కివిటి మొదలుపెట్టిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్సు కెర్నెలు 2.6.20తో కలసి విడుదలైంది. పరికరాల అనుకరణకు కేవీఎం, ఫాబ్రిస్ బెల్లార్డ్ రూపొందించిన క్యూఎమ్యూను ఆధారం చేసుకున్నది. రస్టీ రస్సెల్ రూపొందించిన వర్ట్‌ఐఓ 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెలులో చేరింది. 2010లో విడుదలైన 2.6.34 కెర్నెలులో వీహోస్ట్-నెట్ చేరడంతో ప్యాకెట్ల పని క్యూఎమ్యూ నుండి నేరుగా కెర్నెలులోకి మారింది. 2013లో విడుదలైన 3.8 కెర్నెలుతో వర్ట్‌ఐఓ నెట్‌వర్కు కార్డుకు బహుళ వరుసలు వాడే వీలు కలిగింది. వర్ట్‌ఐఓ 1.0 నిర్దేశం ఓయాసిస్ కమిటీ నిర్దేశంగా ఆమోదింపబడింది.

కల్పిత నెట్‌వర్కు కార్డులలో రకాలు

వర్చువల్ మిషనుకు ఎంచుకునే కార్డు రకాన్ని బట్టి ఇంటరప్టు పద్ధతి మారుతుంది.

- ఆర్‌టీఎల్8139: రియల్‌టెక్ సంస్థకు చెందిన 100 మెగాబిట్ల కార్డుకు అనుకరణ. ఐఎన్‌టీఎక్స్ ఇంటరప్టు మాత్రమే ఉంటుంది. చాలా పాత వ్యవస్థలలో కూడా దీనికి డ్రైవరు దొరుకుతుంది.
- ఈ1000: ఇంటెల్ గిగాబిట్ కార్డుకు అనుకరణ. క్యూఎమ్యూలో ఇది కూడా ఐఎన్‌టీఎక్స్‌పైనే పనిచేస్తుంది.
- ఈ1000ఈ: ఇంటెల్ 82574 కార్డుకు అనుకరణ. 2016 నుండి క్యూఎమ్యూలో ఉన్నది. ఎంఎస్ఐ-ఎక్స్ ద్వారా 5 వెక్టార్ల వరకు వాడుకోగలదు.
- వర్ట్‌ఐఓ-నెట్: ఏ నిజమైన కార్డుకూ అనుకరణ కాదు. వర్చువల్ మిషనుల కోసమే రూపొందించబడినది. ఎంఎస్ఐ-ఎక్స్, బహుళ వరుసలు, ఇంటరప్టుల నిరోధం మొదలైన సౌకర్యాలు కలవు.
- వీఎంఎక్స్‌నెట్3: వీఎంవేర్ రూపొందించిన పారావర్చువల్ కార్డు. ఎంఎస్ఐ, ఎంఎస్ఐ-ఎక్స్ రెండింటినీ వాడుకోగలదు.
- నెట్‌వీఎస్‌సీ: మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో అతిథి వైపు ఉండే డ్రైవరు. వీఎంబస్ అనే అంతర్గత మార్గం ద్వారా సంకేతాలు అందుకుంటుంది.

వర్ట్‌ఐఓలో ఒక ప్యాకెట్టు ప్రయాణం

వర్ట్‌ఐఓ నెట్‌వర్కు కార్డులో సమాచారం వర్ట్‌క్యూ అనే వరుసల ద్వారా నడుస్తుంది. అందుకొనే ప్యాకెట్లకు ఒకటి, పంపే ప్యాకెట్లకు ఒకటి చొప్పున జతలుగా ఈ వరుసలు ఉంటాయి. ఇవి అతిథి జ్ఞాపకశక్తిలో ఉండి, ఇరువైపుల వారికీ కనబడతాయి. ఒక ప్యాకెట్టు వచ్చినప్పుడు జరిగే క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. ఆతిథేయ యంత్రపు నిజమైన కార్డుకు ప్యాకెట్టు చేరుతుంది. ఆతిథేయ కెర్నెలు దానిని బ్రిడ్జి ద్వారా వర్చువల్ మిషనుకు చెందిన ట్యాప్ ఇంటర్‌ఫేసుకు పంపుతుంది.
2. వీహోస్ట్ దారం ఆ ప్యాకెట్టును అతిథి ముందుగా ఖాళీగా ఉంచిన జాగాలోకి నకలు చేసి, పూర్తయిన వాటి పట్టికలో నమోదు చేస్తుంది.
3. అతిథి ప్రస్తుతం ఇంటరప్టు కోరుతున్నదో లేదో పరిశీలిస్తుంది. కోరకపోతే సంకేతం పంపదు.
4. కోరిన పక్షంలో ఐఆర్‌క్యూఎఫ్‌డీ అనే మార్గం ద్వారా కేవీఎంకు తెలుపుతుంది. కేవీఎం తన పట్టికలో ఆ వరుసకు సంబంధించిన ఎంఎస్ఐ సందేశాన్ని చూసి, గురి అయిన కల్పిత ప్రాసెసరు ఏపిక్‌లో ఆ వెక్టారును గుర్తు పెడుతుంది.
5. ఆ కల్పిత ప్రాసెసరు అప్పటికే వేరొక నిజ ప్రాసెసరుపై నడుస్తూ ఉంటే దానిని ఆపి, సంకేతాన్ని చొప్పించి, తిరిగి నడిపిస్తుంది.
6. అతిథి కెర్నెలులోని డ్రైవరు ఇంటరప్టును అందుకొని, ఇక కొంతసేపు ఇంటరప్టులు వద్దని వరుసలో గుర్తు పెట్టి, ప్యాకెట్లను ఒకదాని తరువాత ఒకటిగా తీసుకుంటుంది.
7. వరుస ఖాళీ అయిన తరువాత ఇంటరప్టులు మళ్ళీ కావాలని గుర్తు మారుస్తుంది. ఆ క్షణంలోనే కొత్త ప్యాకెట్టు వచ్చి ఉండవచ్చు గనుక, మరొక్కసారి వరుసను చూసి నిర్ధారించుకుంటుంది. ఈ చివరి పరిశీలన లేకపోతే ప్యాకెట్టు వరుసలో ఉండగానే ఎవరికీ తెలియకుండా పోయి, నెట్‌వర్కు నిలిచిపోయే ప్రమాదం కలదు.

అతిథి నుండి ప్యాకెట్టు బయటకు వెళ్ళేటప్పుడు సంకేతం ఎదురు దిశలో నడుస్తుంది. దీనిని ఇంటరప్టు అనరు, నోటిఫికేషను అంటారు. దీనికి ఐఓఈవెంట్‌ఎఫ్‌డీ అనే మార్గం ఉపయోగపడుతుంది.

వెక్టార్ల సంఖ్యను నిర్ణయించడం

వర్ట్‌ఐఓ కార్డుకు ఎన్ని ఎంఎస్ఐ-ఎక్స్ వెక్టార్లు ఇవ్వాలనేది వరుసల జతల సంఖ్యను బట్టి ఉంటుంది. జతల సంఖ్యను రెండుతో గుణించి, రెండు కలపాలి. ఆ అదనపు రెండింటిలో ఒకటి కంట్రోలు వరుసకు, మరొకటి కార్డు అమరికలో మార్పు జరిగినప్పుడు తెలపడానికి ఉద్దేశింపబడినవి. ఉదాహరణకు 4 కల్పిత ప్రాసెసర్లున్న మిషనుకు 4 జతలు ఇవ్వదలచితే, 4×2+2 = 10 వెక్టార్లు కావాలి.

క్యూఎమ్యూను నేరుగా నడిపేవారు వరుసల సంఖ్యను, వెక్టార్ల సంఖ్యను ఆదేశంలో వ్రాయవచ్చు. లిబ్‌వర్ట్ వాడేవారు మిషను వివరణ ఫైలులో నెట్‌వర్కు ఇంటర్‌ఫేసుకు సంబంధించిన డ్రైవరు అంశంలో క్యూస్ అనే లక్షణానికి జతల సంఖ్య ఇస్తే చాలు. వెక్టార్ల లెక్క లిబ్‌వర్ట్ స్వయంగా చూసుకుంటుంది.

వెక్టార్లు చాలనప్పుడు లినక్సు డ్రైవరు మూడు అంచెలుగా ప్రయత్నిస్తుంది. మొదట ప్రతి వరుసకు ఒక వెక్టారు కోరుతుంది. అది దొరకకపోతే అమరిక మార్పులకు ఒకటి, వరుసలన్నింటికీ కలిపి ఒకటి చొప్పున రెండు వెక్టార్లతో సరిపెట్టుకుంటుంది. అదీ సాధ్యం కాకపోతే పాత ఐఎన్‌టీఎక్స్ పద్ధతికి దిగుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా నెట్‌వర్కు పనిచేస్తూనే ఉంటుంది. అందువలన అమరికలోని లోపం బయటకు కనబడదు, వేగం తగ్గినప్పుడు మాత్రమే తెలుస్తుంది.

కేటాయింపును డ్రైవరు నిర్ధారించుకునే పద్ధతి కూడా ప్రమాణంలో చెప్పబడింది. డ్రైవరు ఒక వరుసకు వెక్టారు సంఖ్యను వ్రాసి, వెంటనే దానిని తిరిగి చదువుతుంది. వ్రాసిన సంఖ్యే తిరిగి వస్తే కేటాయింపు జరిగినట్లు. అలా కాక 65535 వస్తే వెక్టారు దొరకలేదని అర్థం.

ఇంటరప్టులను ప్రాసెసర్లకు పంచడం

లినక్సులో ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ అనే ఫైలును చదివితే ఏ ఇంటరప్టు ఏ ప్రాసెసరుకు ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది. వర్ట్‌ఐఓ కార్డు సక్రమంగా అమరితే అమరిక మార్పులకు ఒక వరుస, ప్రతి ఇన్‌పుట్‌కు, ప్రతి అవుట్‌పుట్‌కు ఒక్కొక్క వరుస ఈ ఫైలులో కనబడతాయి. ఒకే ఒక వరుస కనబడి, దానిపై ఐఓ ఏపిక్ పేరు ఉంటే కార్డు ఐఎన్‌టీఎక్స్‌లో నడుస్తున్నదని గ్రహించాలి.

ప్రతి ఇంటరప్టుకు అఫినిటీ అనే గుణం ఉంటుంది. ఆ ఇంటరప్టును ఏ ప్రాసెసర్లు అందుకోవచ్చో ఇది తెలుపుతుంది. దీనిని హెక్సాడెసిమల్ సంఖ్యగా వ్రాస్తారు. సున్నావ ప్రాసెసరుకు 1, ఒకటవ దానికి 2, రెండవ దానికి 4, మూడవ దానికి 8 చొప్పున విలువలు ఉంటాయి. నాలుగింటికీ అనుమతి ఇవ్వాలంటే వాటి మొత్తం 15, అనగా హెక్సాడెసిమల్‌లో ఎఫ్ వ్రాయాలి. బహుళ వరుసలున్న వర్ట్‌ఐఓ కార్డులో, వరుసల జతలు ప్రాసెసర్ల సంఖ్యకు సమానంగా ఉన్నప్పుడు డ్రైవరే ఒక్కొక్క జతను ఒక్కొక్క ప్రాసెసరుకు గురిపెడుతుంది. పాత కెర్నెళ్ళలో అదనపు వరుసలను ఎథ్‌టూల్ ఆదేశంతో తెరవవలసి ఉండేది.

ఐఆర్‌క్యూబ్యాలెన్స్ అనే సేవ ఇంటరప్టుల భారాన్ని కాలానుగుణంగా ప్రాసెసర్ల మధ్య మారుస్తూ ఉంటుంది. చేతితో అమర్చిన అఫినిటీని ఇది తిరిగి మార్చివేయగలదు. కనుక చేతితో అమర్చేవారు ఆ సేవను ఆపడం గాని, సంబంధిత ఇంటరప్టులను దాని పరిధి నుండి తప్పించడం గాని చేస్తారు.

అతిథిలో చేసే అమరిక కల్పిత ప్రాసెసర్లకు మాత్రమే వర్తిస్తుంది. ఆ కల్పిత ప్రాసెసరు ఏ నిజ ప్రాసెసరుపై నడవాలో ఆతిథేయ వ్యవస్థ నిర్ణయిస్తుంది. ఇంటరప్టు అందుకోవలసిన కల్పిత ప్రాసెసరుకు ఆ సమయంలో వంతు రాకపోతే, సంకేతం వచ్చినా ప్యాకెట్టు ఎదురుచూడవలసిందే. ఆలస్యాన్ని సహించని పనులకు కల్పిత ప్రాసెసర్లను నిర్ణీత నిజ ప్రాసెసర్లకు కట్టివేయడం ఇందువలననే జరుగుతుంది.

ఇంటరప్టుల ఉధృతిని తగ్గించడం

ప్యాకెట్లు అతి వేగంగా వచ్చినప్పుడు ప్రాసెసరు సమయమంతా ఇంటరప్టులకే సరిపోయి, వచ్చిన ప్యాకెట్లను వినియోగించే ప్రోగ్రాముకు వంతే రాని పరిస్థితి ఏర్పడుతుంది. యంత్రం నిర్విరామంగా పనిచేస్తున్నట్లు కనబడుతుంది గాని ఫలితం శూన్యం. జెఫ్రీ మోగుల్, కె.కె.రామకృష్ణన్ 1996లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఈ స్థితిని వివరించి, ఇంటరప్టును, పోలింగును కలిపి వాడే పరిష్కారాన్ని సూచించారు. ఇదే భావన లినక్సులో న్యాపీ అనే పేరుతో అమలయింది. మొదటి ప్యాకెట్టుకు ఇంటరప్టు రాగానే, కెర్నెలు ఇంటరప్టులను మూసి పోలింగు ప్రారంభిస్తుంది. ఒక్కొక్క దఫాకు సాధారణంగా 64 ప్యాకెట్ల వరకు తీసుకుంటుంది. ప్యాకెట్లు అయిపోయాకే ఇంటరప్టులను తిరిగి తెరుస్తుంది.

ఇవి గాక వాడుకలో ఉన్న ఇతర పద్ధతులు:

- ఈవెంట్ సూచిక: ఫలానా సంఖ్య గల ప్యాకెట్టు వరకు ఇంటరప్టు అవసరం లేదని అతిథి ముందే వ్రాసి ఉంచే వర్ట్‌ఐఓ సౌకర్యం.
- కలిపి పంపడం: కొన్ని మైక్రోసెకన్లు గడిచిన తరువాత గాని, కొన్ని ప్యాకెట్లు పోగైన తరువాత గాని ఒకే ఇంటరప్టు పంపడం. ఎథ్‌టూల్ ద్వారా ఈ విలువలను మార్చవచ్చు. వర్ట్‌ఐఓ కార్డులకు ఈ సౌకర్యం లినక్సులో 2022లో చేరింది.
- పెద్ద ప్యాకెట్లు: అనేక చిన్న టీసీపీ ముక్కలను ఒకే పెద్ద ముక్కగా అతిథికి అందించడం. దీని వలన ఇంటరప్టులతో పాటు ఇతర పని కూడా తగ్గుతుంది.

వీటిలో కలిపి పంపే పద్ధతికి ఒక పరిమితి కలదు. ఎక్కువసేపు ఆగితే ఇంటరప్టులు తగ్గుతాయి గాని ప్రతి ప్యాకెట్టుకు ఆలస్యం పెరుగుతుంది. పెద్ద ఫైళ్ళు పంపే సర్వరుకు మేలు చేసే విలువ, చిన్న ప్రశ్నలకు వెంటనే జవాబులివ్వవలసిన డేటాబేసు సర్వరుకు కీడు చేయవచ్చు.

హార్డువేరు సహాయం

ఇంటరప్టుల నిష్క్రమణలను పూర్తిగా తొలగించవచ్చని ఐబీఎం, టెక్నియాన్ పరిశోధకులు 2012లో ఎలీ అనే పద్ధతి ద్వారా చూపారు. పరికరాన్ని నేరుగా అతిథికి అప్పగించిన సందర్భంలో, ఇంటరప్టులను హైపర్‌వైజరు ప్రమేయం లేకుండా అతిథికే చేర్చడం ఇందులోని కీలకం. దీని వలన వేగం 1.3 నుండి 1.6 రెట్లకు పెరిగి, నిజ యంత్రపు వేగంలో 97 నుండి 100 శాతం వరకు చేరినట్లు వారు ప్రకటించారు.

తరువాతి కాలంలో ప్రాసెసర్లలోనే ఈ సౌకర్యాలు చేరాయి. ఇంటెల్ ఏపిక్‌వీ, ఏఎండీ ఏవిక్ అనేవి కల్పిత ఏపిక్ పనిని హార్డువేరులోనే నిర్వహిస్తాయి. అందువలన ఇంటరప్టు ముగింపును తెలపడానికి నిష్క్రమణ అవసరం లేదు. పోస్టెడ్ ఇంటరప్టులు అనే పద్ధతిలో, నడుస్తున్న అతిథిని ఆపకుండానే సంకేతాన్ని దాని ఏపిక్‌లో చేర్చవచ్చు.

ఒకే నిజ కార్డు అనేక చిన్న కార్డులుగా కనబడే ఎస్ఆర్-ఐఓవీ ప్రమాణం 2007లో వచ్చింది. ఆ చిన్న కార్డును వీఎఫ్ఐఓ ద్వారా అతిథికి నేరుగా అప్పగించవచ్చు. అప్పుడు ప్యాకెట్లు ఆతిథేయ కెర్నెలును తాకకుండా వెళతాయి. అయితే నడుస్తున్న మిషనును వేరొక యంత్రానికి తరలించడం ఈ పద్ధతిలో కష్టతరమవుతుంది.

భద్రత

ఎంఎస్ఐ ఇంటరప్టు నిజానికి జ్ఞాపకశక్తిలోకి జరిగే ఒక వ్రాత మాత్రమే. నిజమైన పరికరాన్ని అతిథికి అప్పగించినప్పుడు, దుర్బుద్ధి గల అతిథి ఆ పరికరం చేత ఇంటరప్టు చిరునామాకు తనకు నచ్చిన విలువను వ్రాయించగలదు. తద్వారా ఆతిథేయ యంత్రంలో తనకు సంబంధం లేని వెక్టార్లను మోగించవచ్చు. ఈ దాడిని రఫాల్ వోయ్‌చుక్, జొవాన్నా రుత్కోవ్‌స్కా 2011లో ప్రదర్శించారు. దీనికి పరిష్కారం ఇంటరప్టు రీమ్యాపింగు. ఇందులో పరికరం వ్రాసిన విలువ నేరుగా వెక్టారు కాదు. అది ఆతిథేయ వ్యవస్థ అధీనంలో ఉండే పట్టికలోని ఒక స్థానానికి సూచిక మాత్రమే. ఆ స్థానం ఆ పరికరానికి చెందినదా కాదా అని హార్డువేరు సరిచూస్తుంది.

రీమ్యాపింగు లేని యంత్రంలో పరికరాన్ని అతిథికి అప్పగించడానికి లినక్సు నిరాకరిస్తుంది. అసురక్షిత ఇంటరప్టులను అనుమతించే ఐచ్ఛికం వీఎఫ్ఐఓలో ఉన్నది. అతిథులందరూ నమ్మదగినవారైన సొంత ప్రయోగశాలలో తప్ప, ఇతరులకు అద్దెకిచ్చే యంత్రాలలో దీనిని వాడరాదు. వర్ట్‌ఐఓ వంటి పూర్తిగా కల్పిత కార్డులలో ఇంటరప్టు సందేశాన్ని హైపర్‌వైజరే అందిస్తుంది గనుక, అతిథి ఏమి వ్రాసినా దాని ప్రభావం ఆ అతిథికే పరిమితమవుతుంది.

సాధారణంగా ఎదురయ్యే సమస్యలు

- ఒకే ప్రాసెసరుపై భారం: ఇతర ప్రాసెసర్లు ఖాళీగా ఉండి ఒకటి మాత్రమే నిండి ఉంటే, వరుసల జత ఒకటే ఉన్నదేమో ఎథ్‌టూల్‌తో పరిశీలించాలి. అయితే ఒకే ఒక టీసీపీ సంబంధం ద్వారా సమాచారం వెళుతున్నప్పుడు వరుసలు పెంచినా ప్రయోజనం తక్కువ. ప్యాకెట్ల క్రమం తప్పకుండా ఉండేందుకు ఒక సంబంధపు ప్యాకెట్లను ఒకే వరుసకు పంపడమే దీనికి కారణం.
- వరుసలున్నా ఇంటరప్టు ఒకటే: వెక్టార్ల సంఖ్య తక్కువగా ఇవ్వబడినదని అర్థం.
- ఎవరూ పట్టించుకోని ఇంటరప్టు: పంచుకున్న తీగపై వచ్చిన లక్ష ఇంటరప్టులలో 99,900 కంటే ఎక్కువ వాటిని ఏ డ్రైవరూ తనదిగా అంగీకరించకపోతే, లినక్సు ఆ తీగను మూసివేస్తుంది. అప్పుడు ఆ తీగను పంచుకున్న ఇతర పరికరాలు కూడా దెబ్బతింటాయి. ఎంఎస్ఐ-ఎక్స్‌కు మారితే తీగలు పంచుకోవలసిన అవసరం ఉండదు.
- ఎంఎస్ఐ మూసివేయబడి ఉండడం: ఎప్పుడో ఒక సమస్యను తప్పించడానికి కెర్నెలు ఆదేశంలో చేర్చిన నోఎంఎస్ఐ ఐచ్ఛికం అలాగే ఉండిపోతే, పరికరాలన్నీ ఐఎన్‌టీఎక్స్‌కు దిగుతాయి.
- విండోసు అతిథులు: విండోసులో పరికరానికి సంబంధించిన రిజిస్ట్రీ విభాగంలో ఎంఎస్ఐ సపోర్టెడ్ అనే విలువ 1గా ఉంటేనే ఎంఎస్ఐ వాడబడుతుంది. సాధారణంగా డ్రైవరు స్థాపన సమయంలోనే ఈ విలువ అమర్చబడుతుంది.

పై మార్పులలో దేనినైనా చేసే ముందు, ఇంటరప్ట్స్ ఫైలులోని సంఖ్యలను కొన్ని సెకన్ల వ్యవధిలో రెండుసార్లు చదివి తేడాను చూడడం మంచి పద్ధతి. మిషను మొదలైన నాటి నుండి పోగైన మొత్తం కంటే, ఆ కొద్ది సెకన్లలో ఏ ప్రాసెసరు లెక్క ఎంత పెరిగిందనేదే ప్రస్తుత స్థితిని తెలుపుతుంది.

ఇవి కూడా చూడండి

- ఇంటరప్టు
- హైపర్‌వైజరు
- లినక్సు కెర్నెలు
- ఈథర్‌నెట్
- క్లౌడ్ కంప్యూటింగ్

వర్గం: కంప్యూటరు నెట్‌వర్కులు
వర్గం: నిర్వాహక వ్యవస్థలు